బొగ్గుబస్సు చేసిన సైగ

1948 ఎండాకాలం. అప్పట్లో నేను నరసరావుపేట నుంచి గురజాల మీదుగా కృష్ణ ఒడ్డుదాకా బొగ్గుబస్సు తోలేవాణ్ణి. ఆ చివరి ఊరి పేరు మాత్రం చెప్పను. మా వియ్యపురాలి పుట్టిల్లు అక్కడే, ఆ ఇంటి భోజనం నాకింకా కావాలి.

యుద్ధం అయిపోయినా పెట్రోలు కరువు తీరలేదు. అందుకని బస్సు వెనక నిలువెత్తు ఇనప డ్రమ్ము బిగించి, దాన్నిండా బొగ్గు పోసి, అందులో పుట్టే గ్యాసుతో ఇంజను నడిపేవాళ్ళం. దాన్ని గ్యాస్ ప్లాంట్ అనేవాళ్ళు. మా బస్సు జోరు ఎట్లా ఉండేదంటే, ఎగువ మిట్ట వచ్చినప్పుడల్లా జనం దిగి, చింతచిగురు దూసుకుని, తీరిగ్గా నడిచొచ్చి మళ్ళీ ఎక్కేవాళ్ళు. ఒకాయన మధ్యలో దిగి క్షవరం కూడా చేయించుకుని ఎక్కాడు. నమ్మనివాళ్ళు ఆ మంగలిని అడగొచ్చు. పోయాడనుకోండి.

ఈ ప్లాంటుకో గుణముంది. బొగ్గుకి గాలి బాగా తగిలితే నిప్పు భగ్గున మండి బూడిదవుతుంది, గ్యాసు రాదు. తలుపు బిగించి, గాలి పిసరంత వదిలి, లోపల్లోపలే ఉక్కపెట్టాలి. అప్పుడు పుడుతుంది గ్యాసు. పొద్దున్నే ఒక మనిషి బ్లోయర్, అంటే చేత్తో తిప్పే గాలిపంకా, తిప్పుతూ కూర్చోవాలి. మొదట తెల్లటి పొగ మబ్బులా లేస్తుంది. తర్వాత టెస్ట్ కాక్ అనే సన్న గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీసి పెట్టాలి. మంట నీలంగా, నిలకడగా మండితే గ్యాసు పక్వానికొచ్చినట్టు. అప్పుడు నేను ఇంజను స్టార్టు చేస్తాను. గాలీ గ్యాసూ సరిపాళ్ళలో కలవకపోతే గొట్టంలోంచి ఢామ్మని పేలుతుంది. దాని పేరు బ్యాక్ ఫైర్.

ఈ పనంతా మా గ్యాస్ మేస్త్రీ మస్తానుది. నరసరావుపేటలో తాతలనాటి నుంచీ ఇనప పని చేసే కుటుంబం వాళ్ళది. బక్కపలచటి మనిషి, నోట్లో మాట తక్కువ. దారిపొడుగునా ఎవరి ఆయిలింజను మొరాయించినా, ఎవరి గ్యాసులైటు గుడ్డిదైనా, బస్సు ఆగిన కాసేపట్లో బాగుచేసి వచ్చేవాడు.

ఆ వేసవిలో ఏటవతల హైదరాబాదు రాజ్యంలో నవాబు తరఫు తుపాకీ గుంపులు ఊళ్ళమీద పడుతున్నాయి. జనం పుట్టెలనే బుట్టపడవలెక్కి ఇవతలి గట్టుకి వచ్చేస్తున్నారు. ఒకరోజు అట్లా వచ్చిన రాములు అనే రైతు మా బస్సెక్కాడు. పక్కన కూర్చున్న బడిపంతులు పేపరు మడిచి అడిగాడు.

"మీ ఊరంతా తగలబెట్టారా అబ్బాయ్?"

"లేదు పంతులూ. కాలవెట్టింది రెండే ఇండ్లు. ఖాళీ అయింది ఊరంత."

"అదేనయ్యా, ఇంగ్లీషువాడు టెర్రరిజం అనేది," అన్నాడు పంతులు. "కొట్టింది ఒకణ్ణి, వణకాల్సింది ఊరంతా. ఆ లెక్కతోనే కొడతారు."

"ఎందుకండీ ఆ పని?" అన్నాను నేను, స్టీరింగుతో కుస్తీ పడుతూ.

"అధికారం చేజారిపోతోందని గుబులు పట్టినవాడు ఇంకేం చేస్తాడు? ఇందులో రకాలున్నాయి కోటయ్యా. రాజ్యం నిలబెట్టుకోవడానికి భయపెట్టేవాడొకడు. రాజ్యం లాక్కోవడానికి భయపెట్టేవాడొకడు. దేవుడి పేరు చెప్పేవాడొకడు, భూమి పేరు చెప్పేవాడొకడు. పేరేదైనా, దెబ్బ తినేది మాత్రం ఏ పాపం ఎరగనివాడు."

వెనక నించి మస్తాను గొంతు వినిపించింది. "ఎగువ వస్తంది, మాస్టారూ. రకాలు తర్వాత చెబుదురు గాని, కాస్త దిగండి."

పంతులు చెప్పని రకం ఇంకొకటుందని, అది ఆయన పేపర్లో రాదని, మర్నాడే నాకు తెలిసింది.

ఎప్పట్లాగే ఆ రాత్రి బస్సు ఏటిగట్టు ఊళ్ళోనే ఆగింది. తెల్లారాక కృష్ణలో మునిగి వచ్చేసరికి బస్సు చుట్టూ జనం. బరిసెలు, గుత్పకర్రలు. మధ్యలో మస్తాను నేలమీద కూచున్నాడు, చేతులు వెనక్కి విరిచి తలగుడ్డతో కట్టేసి ఉన్నాయి. ఎదురుగా ఊరిపెద్ద నరసయ్య గారు బోడితలతో నించుని ఉన్నాడు. ఆ తలగుడ్డ ఆయనదే.

"ఏంది నరసయ్య గారూ ఇది?"

"మీ మేస్త్రీ బండారం బయటపడిందిలే కోటయ్యా. రోజూ పొద్దున్నే అవతలోళ్ళకి సైగ చేస్తన్నాడు. ముందు పొగ. ఆనక మంట. ఆ తర్వాత తుపాకి మోత. మా గస్తీవోళ్ళు గుట్టమీంచి కళ్ళారా చూశారు."

"తుపాకి కాదండీ, బ్యాక్ ఫైర్ అంటారు దాన్ని."

"పేరేదైతే ఏంది? పేలిందా లేదా?"

బస్సుల దగ్గర మజ్జిగ అమ్మే అచ్చమ్మ కుండ దించి ముందుకొచ్చింది. "ఒరేయ్ నరసయ్యా, మొన్న నీ ఆయిలింజను బాగుచేసింది ఈడే గదంట్రా? ఒక్క కానీ కూడా పుచ్చుకోలా."

"అదే నా అనుమానం అక్కా! ఊరకే ఎందుకు చేశాడంట?"

నిన్నటిదాకా అందరికీ మస్తానుగా ఉన్నవాడు ఆ పూట 'ఆ సాయిబు' అయిపోయాడు. పోలీసు క్యాంపుకి పంపిస్తామన్నారు. గుంపు మనిషన్న మాట మోసుకుని క్యాంపుకి వెళ్ళినవాడు ఎప్పుడొస్తాడో, అసలొస్తాడో ఎవరూ చెప్పలేని రోజులవి. మస్తాను నావైపు చూసి మెల్లిగా అన్నాడు. "కోటయ్యన్నా, నా క్యారేజీ గిన్నె మా ఇంట్లో ఇచ్చెయ్. ఆలస్యమైందని చెప్పు, అంతే."

నవ్వులాటగా బతికేవాణ్ణి నేను. వాదిస్తే నన్ను కూడా కడతారు. అందుకని నాకు చేతనైన దారే పట్టాను.

"మంచి పని చేశారు," అన్నాను గట్టిగా. "తీసుకెళ్ళండి. కాకపోతే బస్సుమీద మీ మిరపకాయ టిక్కీ బస్తాలున్నాయి. పేటలో రైలుకి అందితేనే గుంటూరు పోయేది. బస్సు లేపేవాడు లేకపోతే అవి ఇక్కడే ఎండుతాయి."

నరసయ్య గారు మీసం తడుముకున్నాడు. "ఆయిలింజను తిప్పే నాకు ఇదొక లెక్కా? నేనే లేపుతా."

నేనా మాటకే కాచుకున్నాను. వంగి బ్లోయర్ పిడి ఆయన చేతికిచ్చాను.

ఆయన చొక్కా విప్పి తిప్పడం మొదలెట్టాడు. కట్టేసి ఉన్న మస్తానుకి ప్రాణం ఒప్పలేదు, పనివాడు కదా. "మావా, అంత జోరుగా వద్దు. బొగ్గుపొడి మొహాన కొడద్ది," అంటూనే ఉన్నాడు. కొట్టనే కొట్టింది. నరసయ్య గారి మొహం బొగ్గు కడవలా తయారైంది. తెల్లటి పొగ ఊరిమీద లేచింది. ఆయన అగ్గిపుల్ల గీసి టెస్ట్ కాక్ దగ్గర పెట్టాడు. మంట బుస్సున మూరెడు లేచింది.

"చూశావా!" అన్నాడు గర్వంగా.

నేను ఇంజను స్టార్టు చేశాను. గాలి లివరు కాస్త ముందుగా వదిలానని గిట్టనివాళ్ళు అంటారు. చెయ్యి తడిగా ఉండి జారింది, అంతే. ఢామ్మని ఒక్క పేలుడు పేలింది. ఏట్లో కొంగలన్నీ లేచి అవతలి రాజ్యానికి కాందిశీకులుగా వెళ్ళిపోయాయి. బరిసెలోళ్ళు బరిసెలు పారేసి దొరికిన గడ్డివామిలో దూరారు. నరసయ్య గారు ఎగిరి, పక్కన కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల్లో పడ్డాడు. ఇక తుమ్ములు! కృష్ణలో చేపలు గట్టుకొచ్చి చూసిపోయాయంటే మీరు నమ్మరు, నమ్మకండి.

ఇంతలో వాగవతలి ఊరి గస్తీ పరిగెత్తుకుంటూ వచ్చింది. ముందు వాళ్ళ పెద్ద వీరయ్య. రెండూళ్ళ మధ్య వాగొకటే ఉన్నా, ఈ ఇద్దరు పెద్దల మధ్య మూడు ఎలక్షన్ల పగలున్నాయి.

"పొగ లేచింది! మంట లేచింది! తుపాకి పేలింది! ఎవడ్రా సైగ చేసింది?"

అందరి కళ్ళూ నరసయ్య గారివైపు తిరిగాయి. మొహం నల్లగా, కళ్ళు ఎర్రగా, చేతిలో అగ్గిపెట్టె.

"వీరయ్యా, నేనయ్యా... హాచ్... నరసయ్యని. నన్నెరగవా?"

"ఎందుకెరగను? ఎరుగుదును గాబట్టే అనుమానం. కట్టండ్రా!"

తాడు లేదు. మస్తాను చేతులకున్న తలగుడ్డ విప్పి నరసయ్య గారి చేతులకి కట్టారు. తన గుడ్డే తన చేతికి.

"అది గ్యాసయ్యా! బస్సు గ్యాసు! పేలింది తుపాకి కాదు, దాన్నేదో అంటారు... కోటయ్యా, ఏమంటారు దాన్ని?"

"పేరేదైతే ఏంది? పేలిందిగా?" అన్నాడు వీరయ్య.

అచ్చమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మస్తాను లేచి మణికట్లు రుద్దుకున్నాడు. కావాలంటే వెళ్ళి బస్సులో కూర్చోవచ్చు. ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. అతను నేరుగా వీరయ్య ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"వీరయ్య బాబాయ్, ఈయన నాకు తెలుసు. నోరు పెద్దదే గాని అవతల గట్టున ఈయన మాట వినేవాడే లేడు. ఈయనకి నాది పూచీ."

"నీ పూచీ ఏంది?"

"దగ్గరికి రండి, చూపిస్తా. దూరాన్నుంచి చూస్తే నాకైనా భయమేస్తది."

డ్రమ్ము తలుపు గడియ తీశాడు. రెండూళ్ళ జనం ఒకరి భుజాలమీంచి ఒకరు తొంగి చూశారు. లోపల ఏముంటుంది? బొగ్గు. కాస్త నిప్పు. మస్తాను మళ్ళీ తలుపు బిగించి, పొగ తెప్పించి, మంట వెలిగించి, చివరికి నాచేత ఇంకోసారి పేల్పించాడు కూడా. ఈసారి ఒక్కడూ పరిగెత్తలేదు. వీరయ్యకి ముందు నవ్వొచ్చింది. తర్వాత అందరికీ వచ్చింది. నరసయ్య గారు నవ్వలేదు, తుమ్ముతున్నాడు. మస్తానే ఆయన కట్టు విప్పి, ఆ తలగుడ్డతోనే మొహం తుడిచి, అచ్చమ్మ దగ్గర మజ్జిగ తెచ్చి తాగించాడు.

"తప్పయిందిరా అబ్బాయ్," అన్నాడు నరసయ్య గారు రెండు తుమ్ముల మధ్య. అంత పెద్ద గొంతులోంచి అంత చిన్న మాట రావడం నేను వినడం అదే మొదలు.

ఆ రోజు రైలు అందలేదు. టిక్కీలు మర్నాడు పోయాయి.

ఏటవతలి భయం అబద్ధమని నేననను. రాములు చూసింది నిజం. కానీ ఆ తుపాకీ గుంపు ఏరు దాటకుండానే మా మధ్యకొచ్చి మస్తాను చేతులు కట్టించింది. అదీ పంతులు చెప్పని రకం. ఇన్నేళ్ళు ఆ ప్లాంటు ముందు కూర్చున్నాక నాకర్థమైంది ఒకటే. తలుపు బిగించి ఉక్కపెడితే పిడికెడు బొగ్గుతో బస్సంత బరువు కదులుతుంది. భయమూ అంతే. తలుపు తీసి పదిమందీ తొంగి చూశారా, బూడిదే.

ఆ తర్వాత ఆ ఊళ్ళో మా బస్సుకి మంట పెట్టే పని నరసయ్య గారు తనదే అన్నాడు. పొద్దున్నే వచ్చి మస్తాను పక్కన గొంతుక్కూచునేవాడు. అగ్గిపుల్ల గీసేముందు మాత్రం లేచి, వాగువైపు తిరిగి, రెండు చేతులూ నోటికి పెట్టుకుని కేకేసేవాడు.

"ఒరేయ్ వీరయ్యా! నేనేరా! వెలిగిస్తన్నా!"

అవతల్నించి కేక వచ్చేది. "కానియ్! నీకు మస్తాను పూచీ ఉందిగా!"