సోమ్లా నడిపిన దుబాయ్ విమానం

మా సూర్యాపేట బస్టాండులో ఒక శుక్రవారం సాయంత్రం దుబాయ్ విమానం దిగింది. నా కళ్ళతో చూశాను. సరే, విమానం అనడం కొంచెం ఎక్కువే; అది సోమ్లా నడిపే తెల్ల అంబాసిడర్. కానీ పట్టిన సమయం మాత్రం అచ్చంగా విమానానిదే.

సోమ్లాది తుంగతుర్తి పక్క తండా. ఎనభై ఆరులో గల్ఫ్ ఏజెంటు ఐలన్న అతన్ని బేగంపేటలో విమానం ఎక్కించి, "దిగితే దుబాయే" అని చెయ్యి ఊపాడు. గంటకే దిగింది. బోర్డుల మీద వంకర అక్షరాలు చూసి అరబ్బీ అనుకుని, సోమ్లా కనపడ్డ ప్రతి పోలీసుకూ సలాం కొట్టాడు. అది మద్రాసు. తిరిగొచ్చి నిలదీస్తే, ఐలన్న ఆ కథనే బస్టాండులో అందరికీ చెప్పి నవ్వించాడు. ఇక సోమ్లా పేరు షేకు. పెళ్ళికెళ్తే షేకు, చావుకెళ్తే షేకు. చివరికి బడిలో సాలి అనే అతని కూతుర్ని కూడా షేకు బిడ్డ అన్నారు.

పిల్ల ఏడ్చుకుంటూ వచ్చిన రోజు సోమ్లా నా దగ్గరికొచ్చాడు.

"సారూ, దుబాయ్ అసలెంత దూరముంటది?"

చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టరు నేర్పినట్టు గ్లోబు మీద దారం పెట్టి కొలిచాను. "బొంబాయి నుంచి పందొమ్మిది వందల కిలోమీటర్లు. మూడు గంటలు ఎగరాలి."

"నన్ను గంటనే తిప్పిండు. వాణ్ని మూడు గంటలూ తిప్పుత."

ఎనిమిదేళ్ళు కాచుకున్నాడు. డ్రైవింగ్ నేర్చుకున్నాడు, మీసం తీసేశాడు. తొంభై నాలుగులో ఐలన్నే వచ్చి ఆ కారు మాట్లాడుకున్నాడు. అంతమందిని ముంచినవాడికి ఒక్క ముఖం ఏం గుర్తుంటుంది? ఆ సాయంత్రం అతను హైదరాబాదులో బొంబాయి విమానం అందుకోవాలి. మర్నాడు దుబాయ్‌లో పెద్ద కాంట్రాక్టు. పోతే మళ్ళీ రాదు.

ఐలన్నకు వారశూల పట్టింపు. శుక్రవారం పడమరకు బయల్దేరడు. హైదరాబాదేమో సూర్యాపేటకు పడమర.

"ముందు దక్షిణం పోనియ్యి డ్రైవర్. మిర్యాలగూడ పోయి, గాడికెళ్లి నల్గొండ మీద పోదాం."

"మీరెట్లంటే గట్ల సారు."

మధ్యాహ్నం మటన్ దండిగా తిన్న ఐలన్న మిర్యాలగూడ రైసు మిల్లులు రాకముందే గురక పెట్టాడు. నల్గొండ వైపు మళ్ళాల్సిన బండి తూర్పున హుజూర్‌నగర్ వైపు మళ్ళింది. కోదాడలో ఒక కన్ను తెరిచాడు.

"ఏడికొచ్చినం?"

"సముద్రం మీదున్నం సారు. పండుకోండ్రి."

కల అనుకున్నాడేమో, పడుకున్నాడు. అక్కణ్ణుంచి బండి నేరుగా సూర్యాపేట. బయల్దేరిన సరిగ్గా మూడు గంటల తర్వాత అదే ఊరి బస్టాండులో ఆగింది. సోమ్లా హారన్ మీద చెయ్యి తియ్యకుండా జనాన్ని పోగుచేసి, వెనక తలుపు తెరిచాడు.

"దిగు సారు. దుబాయొచ్చింది."

ఐలన్న దిగి తెలుగు బోర్డు చూశాడు. వాచీ చూశాడు. "నా విమానంరా," అన్నాడు.

"నన్ను మద్రాసుల దించినవ్, యాదికుందా? అగో, పోలీసాయన నిలబడ్డడు. పోయి సలాం కొట్టు."

జనంలోంచి అంజమ్మ, అరటిపళ్ళు అమ్మేది, అడిగింది: "వీసా ఉన్నదా షేకూ?" బస్టాండంతా నవ్వింది. ఈసారి షేకు ఐలన్న. కాంట్రాక్టు ఇంకెవరికో పోయింది. ఆ పేరు మోయలేక అతను పాలకీడు అనే ఊరికి వెళ్ళిపోయాడు. అక్కడికీ సోమ్లా మనిషిని పంపి ఆ పేరు చేరేశాడు.

మొన్న ఇదంతా సోమ్లాకు చదివి వినిపించాను. బీడీ ఆర్పి, నన్నే చూస్తూ అన్నాడు:

"ఇదంత అబద్ధం సారు. నేను మద్రాసు పోనే లేదు. ఐలన్నెవరో నాకెరుకలే. నాకు కారు నడపనే రాదు."