సగం గీసిన గడ్డం

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, దోహాలో మా చర్చి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో ఒక విల్లా కింది వాటా హాల్లో ఉండేది. సోఫాలు గోడకు జరిపి చాపలు పరిస్తే చర్చి, చాపలు చుట్టేసి సోఫాలు ముందుకు లాగితే మళ్ళీ ఇల్లు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆదివారం కూడా శుక్రవారమే వచ్చేది. (ఈ సంగతి మా అమ్మకు ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా "ఆదివారం గుడికెళ్ళావా నాయనా?" అని అడగడం మానలేదు.) అప్పట్లో అక్కడ చర్చిలకు అనుమతి లేదు కాబట్టి, గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూసి ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని, ఎవరి చెప్పులు వాళ్ళం ప్లాస్టిక్ సంచిలో వేసుకుని పక్కన పెట్టుకుని కూర్చునేవాళ్ళం. పాటలు గొంతు దాటనిచ్చేవాళ్ళం కాదు. ఇంటి దగ్గర డోలక్కు, తాళాలు, మైకు పెట్టి పాడిన జనం, అక్కడ పసిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు దేవుణ్ణి స్తుతించేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అంత మెల్లగా పాడినా అంత బాగా పాడిన రోజులు మళ్ళీ రాలేదు.

ఆ ఇంటివారిని అందరం పెద్దమ్మగారు, పెద్దనాన్నగారు అనేవాళ్ళం. పెద్దమ్మగారు మాట్లాడేవారు, పెద్దనాన్నగారు వినేవారు. నేను ఏసీలు బాగుచేసే కంపెనీలో మెకానిక్‌ని, తెనాలి నుంచి వెళ్ళిన బ్రహ్మచారిని, క్యాంపులో ఉండేవాణ్ణి. ప్రార్థనలో నా పేరు 'ఏసీ తమ్ముడు'. ఆ హాల్లో కిటికీ ఏసీ ఒకటి రోడ్డు రోలరులా మోత పెట్టేది. నేను చేరిన కొత్తలో, నా తలాంతు దేవుడి పనికి వాడాలని ఉత్సాహపడి, దాన్ని విప్పి, కడిగి, బిగించి కిక్కురుమనకుండా చేశాను. అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు పక్కింటి ఈజిప్టు ఆయన పెద్దనాన్నగారిని ఆపి "మీ ఇంట్లో పెళ్ళా? పాటలు వినబడ్డాయి" అని అడిగాడట. పెద్దమ్మగారు నన్ను పిలిపించారు. "అబ్బాయ్, ఆ మోతే మనకు కాపలా అని తెలీక నిన్ను మెచ్చుకున్నాం. మళ్ళీ ఎప్పట్లా పాడుచెయ్." నేను రెండు స్క్రూలు వదులు చేశాను. అది మళ్ళీ గడగడమంది. ఆ వారం స్తోత్రాలు హాయిగా సాగాయి.

పెద్దమ్మగారి ప్రార్థన గురించి చెప్పకపోతే ఈ కథ ముందుకు పోదు. ఆవిడ ప్రార్థన మా అందరికీ వారపత్రిక. ఎవరికి జ్వరం, ఎవరికి ప్రమోషన్, ఎవరింట్లో అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం లేదు, అన్నీ అందులో తెలిసేవి. "ప్రేమగల తండ్రీ, నీకు తెలియనిది కాదు గానీ," అని మొదలుపెట్టి, ఆయనకు తెలియదేమోనన్నంత వివరంగా చెప్పేవారు. ఎవరినైనా మందలించాలన్నా అదే దారి. "పోయిన వారం ఒక సహోదరి పులిహోరలో ఉప్పు మరిచింది తండ్రీ, ఆమె మనసులో ఏ చింత ఉందో నీవే తీర్చు." అందరూ కళ్ళు మూసుకుని "ఆమేన్" అనేవాళ్ళు. పులిహోర తెచ్చినావిడ కూడా అనాల్సిందే. ప్రార్థనలో ఉన్న మనిషికి ఎదురు చెప్పడం ఎవరి తరమూ కాదు కదా!

ఇక ఆమె సంగతి. నిడదవోలు అమ్మాయి, పెద్ద ఆసుపత్రిలో నర్సు. ఆసుపత్రిలోనూ సిస్టరే, ప్రార్థనలోనూ సిస్టరే. నా కష్టం ఎవరితో చెప్పుకోను? ఆమె నాతో మొదటిసారి మాట్లాడిన మాట నాకింకా గుర్తు. నేను ఒక పల్లవి అందుకుంటే వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా "బ్రదర్, మీరు పెదవులు కదపండి చాలు" అంది. ఆ క్షణంలోనే పడిపోయాను. (మా ఆవిడ ఇది నమ్మదు. తిడితే పడిపోయే మనిషి ఉంటాడా అంటుంది.)

ఒక శుక్రవారం భోజనాలయ్యాక పెద్దమ్మగారు, "ఆసుపత్రిలో మన తెలుగువాళ్ళు పలకరించే దిక్కులేక పడి ఉన్నారు. సిస్టర్ వాళ్ళ మగవాళ్ళ వార్డుకి వెళ్ళొచ్చేవాళ్ళు ఎవరు?" అని అడిగారు. సిస్టర్ వాళ్ళ వార్డు అన్నాక నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది. "చూశారా, చిన్నవాడికి ఎంత సేవాభారం!" అని పెద్దమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. సిస్టర్ మాత్రం నా వంక అదోలా చూసింది.

మరుసటి శుక్రవారం ఇస్త్రీ చొక్కా, సెంటు, నాలుగు బత్తాయిలు, ఒక బైబిలుతో బయల్దేరాను. నా గదిలో ఉండే హైదరాబాద్ భాయ్ జుమ్మా నమాజు ముగించుకొచ్చి, కంపెనీ పికప్‌లో దింపుతూ ముక్కు ఎగబీల్చాడు. "ఏం మియా, బీమారోళ్ళని చూడనీకి పోతున్నవా, నిఖాకు పోతున్నవా?" నేను సెంటు వాసన పోవాలని కిటికీ అద్దం దించాను.

సిస్టర్ నన్ను ఒక మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. కరీంనగర్ వైపు తాపీమేస్త్రి, గోడ కట్టడానికి వేసిన సారువ కర్రల మీంచి పడ్డాడు, రెండు చేతులకూ పిండికట్టు. అందరూ మేస్త్రన్న అనేవారు. నేను కళ్ళు మూసుకుని, పెద్దమ్మగారి ఫక్కీలో ఒక పెద్ద ప్రార్థన చేశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఆమేన్ అయ్యాక, "మస్తు జెప్పినవ్ తమ్మీ. ఇగ జర నా గడ్డం సంగతి జూడు. దురదతోని సస్తున్న, గోక్కుందామంటే చేతుల్లేకపాయె," అన్నాడు.

నేను సిస్టర్ వైపు చూశాను. ఆమె అప్పటికే గిన్నెలో నీళ్ళు, సబ్బు, బ్రష్షు, రేజరు తెచ్చి పెట్టేసింది. "ప్రార్థన అయింది కదా బ్రదర్, ఇప్పుడు సేవ," అని వెళ్ళిపోయింది. మనిషి గడ్డం గీయడం అంత కష్టమని నాకు తెలీదు. కంప్రెసరు విప్పినంత జాగ్రత్తగా గీశాను. ఆ కాస్త గడ్డానికి అరగంట పట్టింది. ఆయన కళ్ళు సగం మూసి, "కంపెనోళ్ళు మాఫీ, దోస్తులు మాఫీ. నువ్వొక్కనివే వచ్చినవ్," అన్నాడు. (మాఫీ అంటే అక్కడి అరబ్బీలో 'లేరు' అని.) మళ్ళీ కాసేపటికి, "ఒక్క మాట అడుగుత. పార్థన జేసేటప్పుడు కండ్లు మూసుకోవాలె గదా. నువ్వేంది, ఒక కన్ను తలుపు దిక్కు పెట్టినవ్?" అన్నాడు. నా చేతిలో రేజరు ఆగిపోయింది. "ఏం గాదు తీ, గీకు," అన్నాడు.

అలా ఒకటి రెండు శుక్రవారాలు నడిచాయి. తర్వాత వారం వెళ్తే సిస్టర్ కనబడలేదు. డ్యూటీ మారిందేమో, వస్తుందిలే అనుకుంటూ నురగ పట్టించి కుడి చెంప పూర్తిచేశాను. అప్పుడు చల్లగా చెప్పాడు మేస్త్రన్న. "సిస్టరమ్మ ఈడ లేదు తమ్మీ. కాన్పుల వార్డుకు మార్చిన్రు. ఇగ ఆ తలుపును గోసపెట్టకు." నా ప్రాణం ఉసూరుమంది. కాన్పుల వార్డులోకి నన్ను ఏ సేవాభారం పేరుతోనూ రానివ్వరు. రేజరు గిన్నెలో పడేసి నిలబడ్డాను. ఎటు పోదామని లేచానో నాకే తెలీదు. ఆయన ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో నావంక చూసి, "ఏంది, సగం గీకి పోతవా? గీ మొఖంతోని మనుషుల్ల ఎట్లుండాలె?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, సిగ్గు కూడా వేసింది. కూర్చుని మిగతా సగం గీశాను.

చిక్కేమిటంటే గడ్డం మళ్ళీ పెరుగుతుంది. పై శుక్రవారం మానేద్దామనుకున్నాను. పొద్దున అద్దంలో నా గడ్డం గీసుకుంటుంటే ఆయన దురద గుర్తొచ్చింది. సరే, ఈ ఒక్కసారికి అని వెళ్ళాను. అప్పటికి పక్క మంచం నేపాలీ కుర్రాడు, ఎదురు మంచం మలయాళీ ముసలాయన కూడా తువ్వాళ్ళు మెడకు చుట్టుకుని కూర్చున్నారు! నెల తిరిగేసరికి నేను ఆ వార్డుకి మంగలిని. ఇస్త్రీ చొక్కా, సెంటు ఎప్పుడు మానేశానో గుర్తులేదు. పెద్ద ప్రార్థన కూడా చిన్నదైపోయింది. ఒక్కో ముఖం తుడిచి "దేవా, వీళ్ళమ్మ దగ్గరికి క్షేమంగా చేర్చు" అంటే అయిపోయేది.

ఇంతలో పిడుగులాంటి వార్త. సిస్టర్ పై నెల సెలవు మీద ఇంటికి వెళ్తోందట. వాళ్ళ నాన్నగారు ఏలూరు బ్యాంకు గుమాస్తా సంబంధం చూసి పెట్టారట. వెళ్తే పెళ్ళయ్యే వస్తుంది, లేదా అసలు రాదు. నాకు అన్నం సయించలేదు. ఆమెతో నేరుగా చెబుదామంటే, "పెదవులు కదపండి చాలు" అన్న మనిషి ముందు పెదవులు కూడా కదలవు. ఆ శుక్రవారం మనవులు చెప్పే వేళ లేచి, "నాకొక చెప్పుకోలేని మనవి ఉంది, ప్రార్థించండి," అని కూర్చున్నాను.

చెప్పుకోలేని మనవి అంటే పెద్దమ్మగారికి గొంతులో చేపముల్లు. పలావు డేగిసా మొయ్యాలని నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు వేశారు. "ఏమిటో తెలీకుండా దేవుడికి ఏమని చెప్పను అబ్బాయ్? ఉద్యోగమా? ఊళ్ళో గొడవా? పిల్లా?" పిల్ల అన్నచోట నా ముఖం పట్టిచ్చేసింది. అంతా కక్కేశాను. "ఎవరికీ చెప్పకండి పెద్దమ్మగారూ," అని బతిమాలాను. "ఛ, అవేం మాటలు! నేనెవరికి చెబుతాను, దేవుడికి తప్ప," అన్నారు. వినగానే ప్రాణం కుదుటపడింది. డేగిసా హాల్లోకి మోసుకెళ్ళాక గానీ ఆ చివరి మాటకు అర్థం తట్టలేదు.

వారమంతా వణికాను. మిగిలిన ఆశ ఒక్కటే, ఆ ఏసీ. నేను మళ్ళీ పాడుచేసిన ఏసీ. దాని మోతలో ఎంతో కొంత కొట్టుకుపోతుందనుకున్నాను. శుక్రవారం వెళ్ళేసరికి హాలు నిశ్శబ్దంగా ఉంది. ఏసీ పనిచేస్తోంది, చల్లగా కూడా ఉంది. పెద్దనాన్నగారు జీవితంలో మొదటిసారి సొంతంగా ఒక నిర్ణయం తీసుకుని, ఆ పొద్దునే అట్టముక్క మడిచి సందులో దోపారట. "రొద భరించలేకపోతున్నాను," అన్నారు.

పెద్దమ్మగారు మొదలుపెట్టారు. "ప్రేమగల తండ్రీ, నీకు తెలియనిది కాదు గానీ, మా మధ్య తెనాలి నుంచి వచ్చిన బిడ్డ ఒకడున్నాడు. రహస్యం కాబట్టి పేరు చెప్పను తండ్రీ. ఏసీలు బాగుచేస్తాడు." ("స్తోత్రం!" అన్నారెవరో.) "జీతం పర్వాలేదు. ఒక్కడే కొడుకు. జుట్టు కాస్త పలచబడుతున్న మాట నిజమే గానీ, నీవు పైరూపం చూసే దేవుడవు కావు." ("ఆమేన్!") "నిడదవోలు బిడ్డ ఒకతె కిటికీ పక్కన నీలం చీర కట్టుకుని కూర్చుంది. ఆమె పేరు కూడా చెప్పను. ఏలూరు సంబంధం నీ చిత్తం కాకపోతే దాన్ని నీవే తప్పించు తండ్రీ." హాలంతా ఆమేన్. నేను భూమి చీలితే బాగుండునని నా సొంత మనవి చేసుకుంటున్నాను. అది మాత్రం ఆలకించబడలేదు.

అక్కడ ప్రార్థన వరుసగా మనిషి తర్వాత మనిషికి వెళ్తుంది. ఇద్దరు ముగ్గురు ఏదో మొక్కుబడిగా రెండు ముక్కలు చెప్పి తప్పుకున్నారు. వరుస కిటికీ దగ్గరికొచ్చి ఆగింది.

"తండ్రీ, ఈ వారం మా వార్డులో పుట్టిన పిల్లల కోసం వందనాలు," అంది సిస్టర్. గొంతు నిలకడగానే ఉంది. "నేను విడిచి వచ్చిన మగవాళ్ళ వార్డును జ్ఞాపకం చేసుకుంటున్నాను. మేస్త్రన్న చేతులు బాగవ్వాలి. శుక్రవారం వస్తే అక్కడ అందరి గడ్డాలూ నున్నగా ఉంటున్నాయని నర్సులు చెప్పుకుంటున్నారు. ఆ గీసే మనిషి మొదట్లో ఎందుకొచ్చేవాడో నీకు తెలుసు, నాకూ తెలుసు, మేస్త్రన్నకైతే ముందే తెలుసు. నేనక్కడ లేనని తెలిశాక కూడా వస్తున్నాడు. అది ఎందుకో ఆయనకు తెలుసో లేదో గానీ, నాకు అది చాలు. మా నాన్నగారికి కోపం ఎక్కువ. పెద్దమ్మగారు ఆయనకు ఫోన్ చేసినప్పుడు తగిన మాటలు అనుగ్రహించు. కొంచెం పొట్టిగా అనుగ్రహించు. యేసు నామమున, ఆమేన్."

నాకు ఆమేన్ బదులు ఏడుపొచ్చింది. ఎన్నడూ నోరు విప్పని పెద్దనాన్నగారు మాత్రం గోడలు అదిరేలా "ఆమేన్!" అన్నారు. కళ్ళు తెరిచి చూస్తే, హాల్లో కళ్ళు మూసుకున్నవాణ్ణి అప్పటిదాకా నేనొక్కణ్ణే. సాయంత్రం పక్కింటి ఈజిప్టు ఆయన మళ్ళీ ఆపి "ఇవాళైనా పెళ్ళేనా?" అని అడిగితే, పెద్దనాన్నగారు "ఇంకా లేదు, దగ్గర్లోనే ఉంది" అన్నారట.

పెద్దమ్మగారి ఫోనుకు వాళ్ళ నాన్నగారు దిగొచ్చారు. మా పెళ్ళికి ముందే మేస్త్రన్న కట్లు విప్పారు. ఇంటికి పంపేసే రోజు వెళ్తే, బాగుపడిన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, "నా చేతులు నాకొచ్చినయ్ తమ్మీ. అయినా గీ ఒక్కపాలి నువ్వే గీకు," అన్నాడు. గీస్తుంటే, "దుబాయ్‌ల నాకొక తమ్ముడున్నడని మా అవ్వకు జెప్త," అన్నాడు. "ఇది ఖతర్ అన్నా," అన్నాను. "మా అవ్వకు అంతా దుబాయే," అన్నాడు. నాకు కళ్ళు మసకబారి ఆయన గడ్డం కింద చిన్న గాటు పెట్టాను. అన్నాళ్ళలో నేను పెట్టిన గాటు అదొక్కటే.

ఇప్పుడు నిడదవోల్లో ఉంటున్నాం. పోయిన నెల మా ఇంటి ఏసీ మోత పెడుతోందని, వద్దంటున్నా వినకుండా స్టూలెక్కి, దభీమని పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఇప్పుడు నాకూ పిండికట్టు. పొద్దున్నే మా సిస్టరే నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి గడ్డం గీస్తుంది. మొన్న ఒక చెంప పూర్తయ్యేసరికి ఫోను మోగింది. పెద్దమ్మగారు. కూతురి దగ్గర హైదరాబాదులో ఉంటున్నారు, చూపు బాగా తగ్గింది, ప్రార్థన మాత్రం తగ్గలేదు. మా ఆవిడ రేజరు పక్కన పెట్టి స్పీకరు నొక్కింది. "ఏందీ, సగం గీకి పోతవా?" అన్నాను. "ష్! కళ్ళు మూసుకోండి," అంది.

"ప్రేమగల తండ్రీ, నీకు తెలియనిది కాదు గానీ, నిడదవోల్లో ఒకడున్నాడు, పేరు చెప్పను, ఈ వయసులో స్టూళ్ళెక్కుతున్నాడు..." ప్రార్థన సాగుతోంది. నురగ ఆరిపోయి చెంప దురద మొదలైంది. గోక్కుందామంటే ఒక చేతికి కట్టు, రెండోది ప్రార్థన కోసం మా ఆవిడ పట్టుకుని ఉంది. ఒక కన్ను కొంచెం తెరిచి చూశాను. అద్దంలో ఒక వైపు నున్నగా, ఒక వైపు తెల్లగా ఉన్న ముసలాడొకడు, ఇప్పటికీ ఒక కన్ను ఆమె వైపే పెట్టి కూర్చున్నాడు. ఆ కన్ను కూడా మూసేసి, "ఆమేన్," అన్నాను.