బర్మా కాగితంలో కొట్టేసిన మాట

ఆ మంగళవారం పొద్దున్న బర్మా కాన్సల్ ఆఫీసుకు బయల్దేరేటప్పటికి నాకు ఆరో నెల. గురువారం ఓడ. అది తప్పితే మళ్లీ ఓడ మూడు వారాలకు గానీ లేదు. అప్పటికి నాకు ఏడో నెల వచ్చేస్తుంది, ఏడో నెల గర్భిణిని ఓడ కంపెనీవాళ్లు ఎక్కించుకోరు. పుట్టాక పసిబిడ్డతో నన్ను ఒక్కదాన్నే ఓడెక్కించరు, మొగుడే వచ్చి తీసుకుపోవాలి. రంగూన్‌లో ఉన్న ఆయనకు మళ్లీ సెలవు దొరకాలంటే మూడేళ్లు పడుతుంది. అంటే బిడ్డ పుట్టి, నడక నేర్చి, మాటలు నేర్చి, నాన్న ఏడీ అని అడిగేదాకా నేను వాషర్‌మెన్‌పేటలో అమ్మ దగ్గరే కూర్చోవాలి. చాలదన్నట్టు మరునాడు బుధవారం ఆ ఆఫీసుకు సెలవు. మంగళవారం కూడా పన్నెండు కొట్టేవరకే కాగితాలు తీసుకుంటారు.

పాస్‌పోర్టు వచ్చేసింది. మశూచి టీకా, కలరా సూది అయిపోయాయి. సూది వేసిన చెయ్యి మూడు రోజులు పైకి లేవలేదు, అమ్మే జడ వేసింది. రంగూన్ నుంచి ఇంగ్లీషులో టైపు చేయించి పంపిన ఉత్తరమూ ఉంది. నా భార్యను నా దగ్గరకు రానివ్వండి, ఆమె తిండికీ గుడ్డకూ నాదే పూచీ అని అందులో రాసి ఉంది. మిగిలింది వీసా ముద్ర ఒక్కటే అనుకున్నాం.

నా మొగుడు అంటున్నాను గానీ ఆయన్ని నేను పిలిచేది మామా అని. మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయనకు ఐదేళ్లప్పుడు తల్లి పోయింది. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మ, అత్తగారు మొహం ముడుచుకున్నా సరే, పుట్టింటికి వెళ్లి ఆ పిల్లవాణ్ణి వెంటబెట్టుకు వచ్చింది. నేను పుట్టేసరికి ఇంట్లో తొమ్మిదేళ్ల మామ ఉన్నాడు. నన్ను చంకనేసుకుని తిప్పిందీ ఆయనే, నా పలక పగలగొట్టి ఆ నేరం నా మీదికి నెట్టిందీ ఆయనే. పెద్దవాడై రంగూన్ బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరాడు. సెలవుకు వచ్చి నన్ను చేసుకుని, మూడు నెలలుండి వెళ్లాడు. మాలో మేనమామ వరుస ఉంటే బయట సంబంధం వెతకరు. మా నాన్న అప్పటికే పోయారు, పెళ్లి పెద్దా అమ్మే, ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ అమ్మే.

ఆఫీసు ఒక పాత బంగళాలో ఉండేది. గేటు బయట చెట్టుకింద టైపు మిషను పెట్టుకుని ఒక పెద్దాయన ఫారాలు నింపేవాడు. నా ఫారం ఆయన రంగూన్ ఉత్తరం చూసి చకచకా కొట్టేశాడు. నాకు ఇరవై ఒకటి నిండలేదు గనక నన్ను పంపడానికి ఒప్పుకుంటున్నట్టు అమ్మ ఇంకొక ఫారం ఇవ్వాలట. అది కొట్టేటప్పుడు నేను నడుము ఆనించుకోవడానికి గోడవారన నిలబడ్డాను. "రంగూన్‌లో ఉండే మనిషి ఎవరమ్మా?" అని ఆయన అరవంలో అడగడం వినిపించింది. "నా తమ్ముడు. దీనికి సొంత మేనమామ" అని అమ్మ చెప్పడమూ వినిపించింది. ఎంత గొప్పగా చెప్పిందో! మాలో మేనమామ అంటే ఇక మొగుడని వేరే చెప్పనక్కర్లేదు. ఆ మాటను ఇంగ్లీషులో కొడితే ఏమవుతుందో అప్పుడు నాకు తట్టలేదు. నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు.

మమ్మల్ని పిలిచేసరికి పదకొండు దాటింది. అమ్మ తలుపు దగ్గర బెంచీ మీద ఆగిపోయింది, నేను లోపలికి వెళ్లాను. బర్మా ఆఫీసరు సన్నగా, పొట్టిగా ఉన్నాడు. తలకు లేత గులాబీ రంగు పట్టుగుడ్డ చుట్టుకున్నాడు. గొంతు పెంచే మనిషి కాదు. ఆయన ఇంగ్లీషును అరవంలోకి చెప్పడానికి పక్కన ఒక మలయాళీ గుమాస్తా ఉన్నాడు. నేను ఆడపిల్లల బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివాను, ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమవుతుంది.

ఆఫీసరు రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి, "ఈ మనిషి నీకు ఏమవుతాడు?" అని అడిగాడు.

"హజ్బెండ్" అన్నాను.

ఆయన అమ్మ ఫారం మీద వేలుపెట్టి, "ఇక్కడ అంకుల్ అని ఉందే?" అన్నాడు.

నిజమే చెప్పాను. "ఎస్ సార్. అంకుల్ ఆల్సో."

గుమాస్తా చూపు నా మొహం మీంచి జారి పొట్ట దగ్గర ఆగింది. వాళ్ల వైపు మేనమామ అంటే తండ్రి లెక్క అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ నిమిషంలో మాత్రం ఆ కళ్లు పీకేయాలనిపించింది. ఏ తప్పూ చెయ్యనిదాన్ని, కొంగు లాక్కుని పొట్ట కప్పుకున్నాను. అలా కప్పుకున్నందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆఫీసరు నెమ్మదిగానే చెప్పాడు. మనిషి మేనమామ అయితే అది చుట్టపుచూపు వీసా, రంగూన్‌కు రాసి జవాబు తెప్పించుకోవాలి, రెండు నెలలు పడుతుంది. మొగుడు అయితే ఇప్పుడే ఇవ్వగలను. కానీ ఒక కాగితం ఒకటి చెప్పి, ఇంకొక కాగితం ఇంకొకటి చెబితే ముద్ర వెయ్యలేను. ఇంతా చెప్పి కలం మూత పెట్టేశాడు. గోడ గడియారంలో పన్నెండుకు ఇరవై నిమిషాలుంది.

"మీ అమ్మను పిలువు" అన్నాడు.

అమ్మ వచ్చి బల్ల ముందు నిలబడింది. ఇది ప్రమాణం చేసి చెప్పే మాట అని గుమాస్తా ముందే హెచ్చరించాడు. తర్వాత అరవంలో అడిగాడు, "రంగూన్‌లో ఉన్నతను మీకు ఏమవుతాడు?"

"నా తమ్ముడు" అంది అమ్మ.

"సొంత తమ్ముడా?"

"సొంత తమ్ముడే. నేనే పెంచినా."

"అమ్మా, అల్లుడని చెప్పు" అన్నాను తెలుగులో.

"అల్లుడేందే? వాడు పుట్టినప్పట్నించీ నాకు తమ్ముడు."

"పెళ్లయినాక అల్లుడు గదా! ఆ మాట చెప్పు, చాలు."

"ఒట్టు పెట్టించి అడగతా వుండాడే ఆయప్ప. తమ్ముణ్ణి తమ్ముడు కాదని ఎట్లా చెప్పేది?"

"కాదని ఎవురు చెప్పమన్నారు? అల్లుడని చెప్పమంటే!"

ఆఫీసరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత గుమాస్తాతో ఏదో అన్నాడు. గుమాస్తా దాన్ని మాకు చెప్పాడు. అమ్మ ఫారంలో ఆయన నాకేమవుతాడో ఒక గడి, అమ్మకేమవుతాడో ఇంకొక గడి ఉన్నాయి, ఒక్కో గడిలో ఒకే మాట ఉండాలి. అంకుల్ అనే మాట కొట్టేసి మొగుడు అని, బ్రదర్ అనే మాట కొట్టేసి అల్లుడు అని మార్చుకోవచ్చు. కానీ ఇచ్చిన మనిషే తన చేత్తో కొట్టేసి, ప్రతి కొట్టివేత పక్కనా సంతకం పెట్టాలి. పన్నెండు లోపల.

అమ్మ కదల్లేదు. "ఈడ వద్దులే. ఇంటికి పోయి, పెద్దోళ్లను అడిగి వస్తాం" అంది.

ఇంటికి పోవడమంటే ఓడ పోవడమే. నాకు భయం పుట్టింది. భయం పుడితే నాకు కోపం వస్తుంది, ఇప్పటికీ అంతే. అంతమంది ముందు గట్టిగా అరిచాను.

"ఆయన నీకు తమ్ముడుగానే వుండాలని నా బిడ్డకు నాయన లేకుండా చేస్తావా?"

అమ్మ నా వైపు చూసింది. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టలేదు. గుమాస్తా వైపు తిరిగి, "తంబీ, ఇందులో తమ్ముడనే మాట ఏది?" అని అరవంలో అడిగింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, తెలుగులో కూడబలుక్కుని సంతకం పెట్టడమే వచ్చు. గుమాస్తా కొట్టేయాల్సిన రెండు చోట్లా వేలుపెట్టి చూపించాడు. ఆఫీసరు తన కలం మూత తీసి ఇచ్చాడు.

అంకుల్ అనే మాటను అమ్మ ఒక్క గీతలో కొట్టేసింది, పక్కన సంతకం పెట్టింది. రెండో మాట దగ్గర ఆగింది. కలం కాగితానికి ఆనించి, తల ఎత్తకుండానే, "ఇప్పుడు కొట్టేస్తే, పని అయినాక మళ్లీ రాసుకోవచ్చునా?" అని అడిగింది.

గుమాస్తా ఆ మాట ఇంగ్లీషులో చెప్పలేదు. ఏమంటోందని ఆఫీసరు అడిగితే, "నథింగ్ సార్" అన్నాడు. అప్పుడు అతని మీద కోపం పోయింది.

అమ్మ గీత గీసింది. ఎంత మెల్లగా గీసిందంటే, నేను గడియారాన్ని రెండుసార్లు చూశాను. సంతకంలో చివరి అక్షరం గడి దాటి బయటికి పోయింది. గుమాస్తా పైన మార్పు రాశాడు, ఆఫీసరు చదివి చూసుకుని, నా పాస్‌పోర్టులో ముద్ర వేశాడు. ముద్ర పడిన చప్పుడుకు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ సంతోషం ఇప్పుడు దాచి ఏం లాభం? మెట్లు దిగుతూ పాస్‌పోర్టు తెరిచి మూడుసార్లు చూసుకున్నాను. "చూసినావా, ఒక గీతకు ఎంత రభస చేసినావో!" అని అమ్మను ఆట పట్టించాను కూడా. అమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇల్లు వచ్చేదాకా బయటికే చూసింది.

గురువారం హార్బరు గేటు దగ్గర పెట్టె, చింతకాయ పచ్చడి జాడీ నా చేతికిచ్చింది. మామకు ఉత్తరాల్లో నాచేత రాయించే చీవాట్లు అమ్మ దగ్గర ఎప్పుడూ బోలెడు ఉండేవి. శనివారం తలంటుకోమను, ఉత్తరాలు కోడిగీతల మాదిరి రాయొద్దను, ఇలాంటివి. వాటి కోసమే, "మామకేమన్నా చెప్పాలా?" అని అడిగాను.

అమ్మ నా భుజం మీద కొంగు సర్దింది. "అల్లుడుగార్ని అడిగినానని చెప్పు" అంది.

ఎగతాళి అనుకుని పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు. వెనకవాళ్లు తోస్తుంటే లోపలికి నడిచాను.

రంగూన్‌లో దిగిన రోజు సాయంత్రం, అన్నం తింటూ ఆ మాట మామకు చెప్పాను. ఆయన ముద్ద పళ్లెంలోనే పెట్టేసి, "గారు అన్నిందా? అక్కకు నా మీద ఎందుకే కోపం?" అని అడిగాడు. కాన్సల్ ఆఫీసులో ఏం జరిగిందో, గీత ఎట్లా గీసిందో అంతా చెప్పాను. నేను అరిచిన మాట ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు.