జవాబు కోసం ఆగే సారు

ఆదివారం, ఇబ్రహీంపట్నం. డిగ్రీ చదివే మా మనవరాలికి సాయంత్రం పూట ఫోన్‌లో వ్యాపారం పాఠం చెప్పే సారు గురువారం పోయారు. పొద్దున కాలేజీకి బయలుదేరుతూ బండి దగ్గరే కూలిపోయారట. దవాఖాన చేరేలోపే అంతా అయిపోయింది. ఆయన పాఠాల రికార్డింగులు నెలాఖరుకు తీసేస్తారని కబురొచ్చింది. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

చావు కబురు రాగానే క్లాసు గ్రూపు దండాల బొమ్మలతో నిండిపోయింది. ఆయన బతికుండగా ప్రశ్న అడిగితే అందులో ఒక్కరూ పలికేవారు కాదు.

ఇంట్లో సిగ్నల్ అందక మనవరాలు వాకిట్లో, నా మంచం పక్కన కూర్చునేది. కాబట్టి ఆ పాఠాలు నేనూ విన్నాను. సారు ప్రశ్న అడిగి ఆగేవారు. పిల్లలందరూ మైకు, కెమెరా మూసుకుని ఉండేవారు. ఆ నిశ్శబ్దంలో ఆయన వంటింటి కుక్కర్ కూత వినపడేది. చివరికి, "ఉన్నరా, పోయిన్రా?" అనేవారు. బడిలో లెక్కలు చెప్పినదాన్ని. జవాబు రాని తరగతి బరువు నాకు తెలుసు.

ఒకరోజు, "మీల సొంతంగ దందా పెట్టేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగి ఆగారు.

"పలుకవేందే? నోట్లె బువ్వున్నదా?" అన్నాను మనవరాలితో.

"నేనొక్కదాన్నే చెప్తే నవ్వుతరు నాయినమ్మా."

మైకు నేనే తెరిచాను. "సారూ, మా పిల్ల టమాట నారు పెంచి అమ్ముతదంట."

"అవ్వా, నీ పేరు హాజరుల లేదు గదా!" అని ఆయన నవ్వారు. "జర పిల్లను మాట్లాడనియ్యి."

వీడియోలు చూసి వేసుకున్న పథకమంతా అది చెప్పింది. సారు ఓపికగా విన్నారు. "ఏ రైతునన్న అడిగినవా బిడ్డా?" అన్నారు. ఈసారి మౌనం మా వాకిటిది. "ఫోన్ల గిరాకి కనవడదు. పోయి అడుగు."

ఆ తర్వాత వచ్చిన సెలవునాడు ఆయనే మమ్మల్ని కందుకూరు వైపు తోటలకు తీసుకుపోయారు. నారు కొంటారా అని పిల్ల అడిగితే ఒక రైతు కసురుకున్నాడు. "నారు మస్తు దొరుకుతది. చచ్చిన మొక్కకు ఇంకో మొక్క ఇచ్చేటోళ్లే లేరు." పిల్ల కళ్లు తుడుచుకుంటుంటే సారు, "అడిగినంక ఏడ్సినా మంచిదే. గిదే నీ దందా, పట్టుకో" అన్నారు.

గురువారం నుంచి, పిల్ల తెచ్చుకున్న నారు ట్రేలు ఖాళీగా గోడకు ఆనించి ఉన్నాయి. విత్తనం వేసే అదను దాటిపోతోంది. "ఇగ నౌకరీ పరీక్షలే రాస్త. తప్పు చేస్తే చెప్పేటాయన లేడు" అంటోంది.

నిన్న అది పాత పాఠం పెట్టుకుంది. ప్రశ్న వచ్చింది. సారు ఆగారు. పిల్ల వేలితో ఆ మౌనాన్ని ముందుకు జరపబోయింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

ఇక జరగవలసినవి:

1. ఆయన దగ్గర చదివినవారు నెలాఖరులోపు ఆ పాఠాలు దించుకోవాలి. దండాల బొమ్మలు చాలు.

2. రేపు పొద్దున మా ట్రేలలో విత్తనాలు పడాలి.

3. చచ్చిన మొక్కకు ఇంకో మొక్క ఇస్తామని ఆ రైతుకు మనవరాలే వెళ్లి చెప్పాలి.

4. సారు ప్రశ్న అడిగి ఆగినచోట ముందుకు జరపకూడదు. గొంతెత్తి జవాబు చెప్పాలి. కుక్కర్ కూత అయ్యేదాకా ఆయన ఆగే ఉంటారు.