గాజు వెనుక పెరిగిన సెల్లా

దయ్యాలూ గియ్యాలూ నేనెప్పుడూ నమ్మలేదు. నేను నమ్మేది కొలత టేపుని. సూరత్‌లో ఒక విశ్వవిద్యాలయం ఆర్ట్ గ్యాలరీకి డైరెక్టర్‌ని. వినడానికి పెద్ద హోదాలా ఉంటుంది కానీ, సగం రోజు మేకులూ లైట్లూ చెమ్మా చెదలతోనే గడిచిపోతుంది.

గ్యాలరీలోకి ఏ వస్తువు వచ్చినా దాని పొడవు, వెడల్పు, ఎక్కడ మరక, ఎక్కడ చిరుగు, అన్నీ రాసి సంతకం పెడతాం. దాన్ని కండిషన్ రిపోర్ట్ అంటాం. తిరిగి పంపేటప్పుడు మళ్ళీ కొలుస్తాం. రెండు కాగితాలకీ తేడా లేకపోతే నా పని నేను సరిగ్గా చేసినట్టు. నేను చెప్పబోయేది కూడా అలా కొలిచి రాసుకున్నదే.

పోయిన చలికాలం నేత మీద ఒక ప్రదర్శన పెట్టాం. దానికి నేను మొదట అడిగింది మా నర్సయ్య మామ ఇంట్లో ఉన్న చేతి మగ్గాన్ని. మాది సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చిన కుటుంబం. నాన్న నా చిన్నప్పుడే పోతే, అమ్మనూ నన్నూ ఇక్కడి డిండోలి పేటలోని తన ఒంటి గదిలో పెట్టుకుని నన్ను చదివించింది ఆ మేనమామే. ఆయన లేకపోతే ఈ హోదా లేదు, నేనూ లేను.

మగ్గం మా అత్తది. ఐదేళ్ల కిందట మామ కోసం సెల్లా నేస్తూ, అంటే మగవాళ్లు భుజాన వేసుకునే బట్ట, మంచినీళ్ల కోసం లేచి వంటింటి గడపలో పడిపోయింది. మళ్ళీ లేవలేదు. నేసినంత బట్ట, నేయాల్సిన పడుగు పోగులు, అన్నీ అలాగే మగ్గం మీద ఉండిపోయాయి. మామ దానిమీద ఒక పాత దుప్పటి కప్పి, పోగు కూడా కదపలేదు.

ఆయన ముందు ఒప్పుకోలేదు. నాలుగుసార్లు తిరిగాక మెత్తబడ్డాడు.

“తీస్కపో బిడ్డా. గని పోగు మాత్రం కోయకు. మీ అత్త చెయ్యి ఆగిన కాడ్నే ఉండనియ్యి. గా సెల్లా పూర్తయితే నాకు రజా దొరుకుతది” అన్నాడు నవ్వుతూ. ఇక్కడి కార్ఖానాల్లో సెలవుని రజా అంటారు. నేనూ నవ్వి, కోయనని మాటిచ్చాను.

ప్రారంభానికి ముందురోజు లైట్లు సరిచేస్తుంటే, బట్ట మగ్గం మీద అడ్డంగా పరుచుకుని ఉండటంతో దాని నీలి అంచు ఎవరికీ కనబడేలా లేదు. అదే గోడకి నిలువుగా, గాజు ఫ్రేములో ఉంటే ఎంత అందంగా ఉంటుందో నా కళ్లకి కట్టింది. తెగిన పోగులు అతకడం నేతవాళ్లకి కొత్తా ఏమిటి, ప్రదర్శన అయ్యాక ఎవరితోనైనా అతికిస్తే సరి అనుకున్నాను. కత్తెర తీసుకుని నేనే కోశాను. ఇచ్చిన మాట గుర్తుండే కోశాను, అది ఇప్పుడు దాచి లాభం లేదు.

బట్ట ఎనభై నాలుగు సెంటీమీటర్లు. దాని కింద నేయని పోగులు జానెడు పొడవున కుచ్చుల్లా వేలాడుతున్నాయి. ఫ్రేము వెనక కాగితపు టేపు అతికించి, దానిమీద నా సంతకం చేశాను. గ్యాలరీ రికార్డులు చూసే హేతల్‌బెన్ కొలత రాసుకుంది. మామని మాత్రం ప్రదర్శనకి తీసుకురాలేదు. కాళ్ల నొప్పులతో అంత దూరం ఎందుకని చెప్పాను.

వారం తర్వాత సోమవారం తనిఖీలో హేతల్‌బెన్ ఎనభై ఏడు అంది. పదేళ్ల అనుభవం పెట్టుకుని టేపు పట్టడం రాదా అని విసుక్కున్నాను. ఆవిడ టేపు నా చేతిలో పెట్టింది. నేను మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఎనభై ఏడే. కుచ్చులు ఆ మేరకు తగ్గాయి.

అదే రోజు పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. మామకి వారం నుంచి జ్వరమట, అన్నం ముట్టడం లేదట, ఆసుపత్రిలో చేర్చారట.

ఆ సాయంత్రం ఆయన మంచం దగ్గర కూర్చున్నప్పుడు నాకు ఆ రజా మాట గుర్తొచ్చింది. వెంటనే నన్ను నేను తిట్టుకున్నాను. చదువుకున్నదాన్ని, నలుగురికి చెప్పేదాన్ని. అయినా మరునాడు ముందు ఫ్రేము దగ్గరికే వెళ్లాను. ఎనభై ఎనిమిది. కెమెరా రికార్డింగు చూశాను. గ్యాలరీ మూసి ఉన్న వేళల్లో తలుపు ఒక్కసారీ తెరుచుకోలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ తలుపు గడియ పెట్టి ఫ్రేము దించాను. వెనక టేపు చెక్కుచెదరలేదు, నా సంతకం కొస కూడా చెదరలేదు. టేపు కోసి తెరవగానే గంజి వాసన గుప్పుమంది. పడుగుకి పట్టించే గంజి. చిన్నప్పుడు మా గదంతా ఉండే వాసన. కుచ్చులు ముట్టుకుంటే వేళ్లకి తడి తగిలింది. నేల మీదే కూర్చుండిపోయాను. పట్టపగలు, లైట్లన్నీ వెలుగుతుండగా, నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు.

నేత ఇంటి పిల్లని, నేసింది విప్పడం నాకు తెలుసు. అడ్డంగా వేసిన పేక పోగుల్ని ఒక్కొక్కటే లాగి, కొత్తగా పెరిగిన నాలుగు సెంటీమీటర్లూ విప్పేశాను. లాగిన నూలుని ఒక కవర్లో పెట్టి నా టేబుల్ సొరుగులో తాళం వేశాను. మామ ఆ సాయంత్రం లేచి కూర్చుని జావ తాగాడు.

తర్వాత నాలుగు రోజులు ఇదే పని. ఉదయానికి బట్ట పెరిగేది, మధ్యాహ్నం నేను విప్పేదాన్ని. రోజూ కొత్త టేపు, కొత్త సంతకం. ఎవరికీ చెప్పలేదు. హేతల్‌బెన్‌కి ఫ్రేము దగ్గరికి వెళ్లొద్దని మాత్రం చెప్పాను. మామకి జ్వరం తగ్గింది, నాతో మాట్లాడుతున్నాడు. నాకు భయం తగ్గలేదు కానీ, భయపడుతూ అయినా ఎన్నాళ్లైనా విప్పగలను అనిపించింది. ఆయన బతికుంటే చాలు.

ఐదో రోజు సాయంత్రం ఆసుపత్రికి వెళితే, మామ నా చెయ్యి పట్టుకుని వేళ్ల కొసలు చూశాడు. పోగులు లాగీ లాగీ అవి ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“ఇగ ఇప్పకు బిడ్డా. మీ అత్తకు చేతులు గుంజుతున్నయట” అన్నాడు.

ఏది విప్పకూడదు మామా అని అడిగాను.

“కోయొద్దంటే కోస్తివి. సరే, అయిపాయె. నాకు కోపం లేదు. జర దాని పని దాన్ని జేసుకోనియ్యి” అని అటు తిరిగి పడుకున్నాడు.

కోసిన సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లు లేరు. ఆ రాత్రి అడాజన్‌లో మా ఫ్లాటుకి వచ్చి, స్నానాల గదిలో నల్లా తిప్పి ఏడ్చాను. విప్పితే అత్తని బాధపెట్టడం, విప్పకపోతే మామని పోగొట్టుకోవడం. ఇలాంటి లెక్క ఒకటి వేసుకుంటున్నానని తెలిసి మరీ ఏడ్చాను.

నేను మళ్ళీ విప్పలేదు. బట్ట ముందుకంటే వేగంగా పెరిగింది. నాలుగో రోజుకి కుచ్చులు నాలుగు వేళ్ల పొడవు మిగిలాయి. బట్ట చివర మా వాళ్లు వదిలేది అంతే. ఆ మధ్యాహ్నం గ్యాలరీలో ఉండగానే ఫోన్ వచ్చింది. మామ నిద్రలోనే పోయాడు. ఫ్రేము పగలగొట్టినంత పని చేసి సెల్లా తీసుకెళ్లి ఆయన మీద నేనే కప్పాను. అది పొడిగా ఉంది.

ఇక్కడితో అయిపోయి ఉంటే, దుఃఖంలో ఏదో ఊహించుకున్నానని నన్ను నేను ఒప్పించుకునేదాన్ని.

ప్రదర్శన ముగిశాక వస్తువులన్నీ వెనక్కి పంపే ముందు మళ్ళీ కొలిచాం. హేతల్‌బెన్ మగ్గం దగ్గర నిలబడి నన్ను పిలిచింది. నేను కోసి వదిలేసిన పోగులు గుత్తులు గుత్తులుగా ముడివేసి మగ్గం ముందు కర్రకి కట్టి ఉన్నాయి. వాటిమీద రెండు వేళ్ల వెడల్పున కొత్త నేత. పేక నూలు ఒకటే పొడుగు పోగు కాదు, చిన్న చిన్న ముక్కలు. నేను లాగిన ముక్కల్లాగే వంకర్లు తిరిగి ఉన్నాయి.

సొరుగు తాళం తీసి కవరు చూశాను. అందులో ఏమీ లేదు.

నేసిన భాగం ఎంత రాయమంటారని హేతల్‌బెన్ అడిగింది. సున్నా అని రాయమన్నాను. ఆవిడ నా మొహం చూసి, అలాగే రాసింది. నేను సంతకం చేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను రాయించిన అబద్ధపు కొలత అదొక్కటే.

మామకి పిల్లలు లేరు, మా అమ్మ ఎప్పుడో పోయింది. మగ్గం తీసుకోవడానికి నేను తప్ప ఎవరూ లేకపోయారు. ఇప్పుడది మా ఫ్లాటులో, వెనక గదిలో, అదే పాత దుప్పటి కింద ఉంది. ఇదంతా ఎలా జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. మామకి నేయాల్సింది నేసేశాక, మా అత్త ఇప్పుడు ఎవరి కోసం నేస్తోందో అడుగుదామంటే ఆ ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే.

గదిలోకి వెళ్లినప్పుడల్లా గంజి వాసన వస్తుంది. దుప్పటి ఎత్తి చూడలేదు. ఇంట్లో టేపు ఉంది కానీ, కొలవడం లేదు.