ముందుగా పోయిన కండువా

సింహళం చూడాలని మనసు పడ్డ రోజులవి. ఆదోని స్టేషన్లో రైళ్ల వేళల పుస్తకం పట్టుకుని, బెంచీ మీద కూర్చోలేక తిరుగుతున్నాను. మద్రాసు, ధనుష్కోటి, అక్కడ ఓడెక్కితే క్యాండీ, కొలంబో. ఇవన్నీ కలవాలంటే గురువారమే బయలుదేరాలి. గురువారం దక్షిణానికి వారశూల అని నాయన అడ్డం పడ్డాడు.

కంబళి కప్పుకున్న ముసలాయన ఒకడు నన్నే చూస్తున్నాడు.

“ఏమప్పా, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?”

చెప్పాను.

“అంతేనా! పరస్తానం పెడితే సరి. శూల లేనిరోజు గుడ్డ ముందు పోయిందంటే మనిషి బయలెల్లినట్లే. నేను రామేశ్వరం పోతాండాను. నీ కండువా ఇట్ల తా. ఓడరేవు కాడ ఎవురికన్నా ఇచ్చిపెడతా, వచ్చి తీసుకో.”

రైలొచ్చింది. నా ఎమ్మిగనూరు నేత కండువాను ఆయన కళ్లకద్దుకుని, కంబళి లోపల దాచుకుని ఎక్కాడు.

విని నాయన ఒప్పుకున్నాడు. మరునాడే పత్తి బండ్లు వరసగా దిగి, నేను మా మండీ వదల్లేకపోయాను. ఆపైన యుద్ధమొచ్చింది.

సముద్రం నేనింతవరకు చూడలేదు. గురువారం రైలు కూసిందంటే మాత్రం చెయ్యి దానంతటదే భుజం తడుముకుంటుంది.