గొంగడి కోటు

పోయిన ఆదివారం మా చిన్నాయన మనవరాలు పాలమూరు నుంచి వచ్చింది. అక్కడ డిగ్రీ చదువుతోంది. అచ్చంపేటలో మా ఇంటి ముందుగదిలో నేను మిషను మీద ఎవరిదో జాకెట్టుకు చేతులు ఎక్కిస్తున్నాను. మా ఆయన గడప అవతల అరుగు మీద కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాడు. పిల్ల ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, కాలేజీలో అందరూ దీన్ని చూసి నవ్వుతున్నారంది. ఏదో సినిమాలోంచి అరనిమిషం ముక్క. బూడిద పూసుకున్న మొహాలు, నల్ల టోపీలు, ఎర్రమట్టిలోంచి లేస్తున్న చేతులు. చివర్లో నల్లటి పొడుగు కోటు వేసుకున్న ఒక శవం, టోపీ ముక్కు దాకా దించుకుని, గుర్రం దిగిన మనిషి ముందు మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడిస్తుంది. కింద జనం నవ్వు బొమ్మలు వరసగా పెట్టారు. పిల్ల మాత్రం నవ్వడం లేదు. "గీ మొక్కేటాయన మా తాతనేనట గదా అత్తా?" అని అడిగింది. ఆ కోటు నేను కుట్టిందే. సూది కింద బట్ట వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

రాష్ట్రం వచ్చిన కొత్త. ఇక మన సినిమాలు మనమే తీసుకుంటామని ఊరికొక డైరెక్టరు బయలుదేరిన రోజులు. హైదరాబాదులో పెళ్ళి వీడియోలు తీసి చెయ్యి తిరిగిన ఒక పిలగాడు మా ఊరికి వచ్చాడు. అప్పట్లో మేం ఊళ్ళోనే ఉండేవాళ్ళం. ఊరి వెనక బండలగుట్ట, గుట్ట కింద చెట్టూ చేమా లేని ఎర్రనేల. అక్కడ గడ్డి కూడా మొలవదని మేం ఏడుస్తుంటే, ఇది కౌబాయ్ సినిమా కోసమే పుట్టిన జాగా అని అతను మురిసిపోయాడు. కథ ఏమిటంటే, ఆరుగురు దొంగలను ఒక షెరీఫు, అంటే ఆ కౌబాయ్ ఊళ్ళ పోలీసు అధికారి, నమ్మించి చంపి పాతిపెడతాడు. వాళ్ళు శవాలుగా లేచొచ్చి అతని మనుషులను ఒక్కొక్కరినే మట్టుబెట్టి, చివరికి అతన్ని కాలర్ పట్టి గోతిలోకి ఈడ్చుకుపోతారు. పెట్టుబడి మా పటేలుది, అందుకని షెరీఫు వేషమూ ఆయనదే. ఆయన కథను తాను గుర్రం దిగే దాకా విని, చాలు, బాగుందని లేచిపోయాడట. మిగతాది ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు.

గుర్రాలు రెండు, పాలమూరులో పెళ్ళి ఊరేగింపులకు కిరాయికి ఇచ్చేవి. ఎక్కడో డప్పు చప్పుడు వినిపిస్తే చాలు, షెరీఫును మోస్తున్న గుర్రం ముందుకాళ్ళెత్తి చిందులేసేది. తుపాకులు వడ్లాయన చెక్కిన కర్రవి. లైట్లకు పెట్టుబడి లేక మిట్టమధ్యాహ్నం తీసి, దీన్ని తర్వాత రాత్రి చేస్తానని డైరెక్టరు అందరికీ ధైర్యం చెప్పేవాడు. శవాల మొహాలకు గోధుమపిండి ముద్ద, దాని మీద పొయ్యి బూడిద. ఎండకు అది పెళుసెక్కి, నవ్వితే పెచ్చులు ఊడేది, చీమలు పట్టేవి. బట్టలు నా పని. పొడుగు తోలు కోట్లు కావాలన్నాడు, తోలు కొనే తాహతు లేదు. గొర్రెలు కాసే కురుమల దగ్గర పాత గొంగళ్ళు తెచ్చి కోట్లు కుట్టాను. గొంగడికి కత్తెర పెట్టినదాన్ని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా చిన్నాయన కోటు మాత్రం మనసుపెట్టి కుట్టాను. బక్కపలచని ఒళ్ళు, ఇరుకు భుజాలు. అది ఇంకెవరికీ పట్టదు.

శవాలుగా పడుకోవడానికి ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు. బతికుండగా గోతిలో పడుకుంటే అరిష్టమన్నారు. ఊళ్ళో ఎవరు పోయినా గోతులు తవ్వింది మా వాడవాళ్ళే కనక, పడుకోవడానికీ మావాళ్ళనే పిలిచారు. మా అరిష్టం గురించి ఎవరికీ ఫికర్ లేదు. ఆరుగురిలో నాయకుడు చిన్నాయన, ఇంకొకడు మా ఆయన. చిన్నాయన మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి, డ్యాములకు మట్టి తవ్వి, బండలు కొట్టి, రొమ్ము నిండా దుమ్ము నింపుకుని ఇంటికొచ్చిన మనిషి. అలాంటాయన మీద రేకు కప్పి మట్టి పోస్తే, బొప్పాయి కాడతో గాలి పీల్చుకుంటూ, దగ్గు ఆపుకుంటూ కెమెరా వచ్చేదాకా పడుకునేవాడు. ఈ వయసులో నీకెందుకీ తిప్పలని ఒకరోజు కోప్పడ్డాను. చివరి సీను కోసం అన్నాడు.

మా తాత ఈ పటేలు తండ్రి దగ్గర జీతముండేవాడు. ఒకసారి ఎద్దు తాడు తెంపుకుని జొన్నచేలో పడిందని తాతను నడి ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. చిన్నాయనకు అప్పుడు ఏడేళ్ళు, పక్కనే నిలబడి ఉన్నాడు. పొద్దు వాలాక బండ దించారు. దించినందుకు తాత మోకాళ్ళ మీద కూర్చుని ఆ పెద్ద పటేలు కాళ్ళకు మొక్కాడు. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, కానీ ఎవరూ ఎత్తరు. ఆ రోజు చిన్నాయన మొహానికి పిండి పూయించుకుంటూ తానే ఎత్తాడు. "బండ గాదు బిడ్డా, ఆ మొక్కుడే నా కండ్లల్ల మెదుల్తది. ఒక్కపారి ఆ కాలర్ పట్టుకుంట. ఉత్తుత్తిదైనా మంచిదే." నేను నవ్వాను. నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే మంట.

ఆఖరి రోజు పత్తి ఏరే కాలం, ఎండ మాత్రం ఎండాకాలాన్ని మించి ఉంది. ఊరంతా గుట్ట కింద చేరింది. గోతులు మూశాక డైరెక్టరు పటేలుకు చేయాల్సింది వివరించాడు. అప్పుడు తెలిసింది ఆయనకు, తన కాలర్ ఎవరు పట్టుకోబోతున్నారో. గుర్రం మీదే కూర్చుని నెమ్మదిగా అన్నాడు. "సచ్చుడు సరే, వీండ్ల చేతుల సచ్చుడేందయ్యా? రేపు ఊరు చూడదా?" డైరెక్టరు కాసేపు గోళ్ళు కొరుక్కుని కొత్త ముగింపు అల్లాడు. షెరీఫు జేబులోంచి తాయెత్తు తీసి చూపిస్తాడు, శవాలు మోకాళ్ళ మీద పడి విముక్తి ఇవ్వమని మొక్కి బూడిదైపోతాయి. మట్టి కింద ఉన్నవాళ్ళకు వినబడేలా అదంతా గట్టిగా చెప్పాడు.

కెమెరా తిరిగింది. ఐదు గోతుల మట్టి కదిలింది, ఆరోది కదల్లేదు. మళ్ళీ పిలిచారు, మళ్ళీ కదల్లేదు. మూడోసారీ అంతే. ఊపిరి ఆగిందేమోనని మా ఆయనే పరుగెత్తి రేకు లాగేశాడు. చిన్నాయన కళ్ళు తెరుచుకుని ఆకాశం చూస్తూ పడుకుని ఉన్నాడు. డైరెక్టరు వంగి చూసి, ఏమైందని అడిగాడు. "సచ్చినోడు మల్ల లేసొచ్చేది కాళ్ళు మొక్కెటందుకు గాదు సారూ" అన్నాడు చిన్నాయన. అప్పుడు లేచాడు. మట్టి దులుపుకుని, కోటు విప్పి, మడిచి, గోతి గట్టు మీద పెట్టి, దగ్గుకుంటూ వాడ దిక్కు నడిచి వెళ్ళిపోయాడు. ఊరంతా దారి ఇచ్చింది. నా జన్మలో మా వాళ్ళకు ఆ ఊరు దారి ఇవ్వడం చూసింది అదొక్కసారే.

సినిమా ఆగలేదు. నాయకుడి మొహం టోపీ కింద కనబడదు కదా, కోటు ఎవరు వేసుకున్నా సరిపోతుందన్నాడు డైరెక్టరు. మేం పటేలు రెండెకరాలు కౌలుకు చేస్తున్నాం. పటేలు మా ఆయన వైపు చూసి ఒకే మాట అడిగాడు. "నీ పత్తి ఎట్లున్నదిరా ఈ ఏడు?" మా ఆయన నా వైపు చూశాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. వద్దని నేను అనలేదు. కోటు అందించాను. భుజాల దగ్గర పట్టలేదు, చంకల కింద బిగిసింది. బ్లేడు తీసి నా చేతులతో నేనే కుట్టు విప్పాను. రెండు నిమిషాల పని. ఆయన వెళ్ళి మొక్కాడు, మొదటిసారికే బాగా వచ్చిందన్నారు.

ఏ థియేటరూ ఆ సినిమాను తీసుకోలేదు. ఏడాది తర్వాత యూట్యూబులో పెట్టారు, చిన్నాయన పేరు వేసి. ఆ రోజు అక్కడున్నవాళ్ళు కూడా ఫోనులో చూశాక, ఆయన మళ్ళీ వచ్చి మొక్కి ఉంటాడనే అనుకున్నారు. కల్లు దగ్గర, బస్సు దగ్గర, శవం మొక్కుతుందిరా అని పిల్లలు చేతులు జోడించి చూపించేవారు. ఆయన ఒక్కరికీ కాదని చెప్పలేదు. నేను తట్టుకోలేక ఆయన దగ్గరికి పోయి ఏడిస్తే, చెప్తే నీ పెనిమిటి మొకం ఎట్ల ఎత్తుకుంటడు బిడ్డా అన్నాడు. నేను సరేనని కళ్ళు తుడుచుకుని ఇంటికొచ్చాను. అంతకన్నా నీచమైన పని ఇంకేమైనా చేశానేమో గుర్తు లేదు. పటేలు ఆ మరుసటి ఏడే రెండెకరాలూ ప్లాట్లకు అమ్మేశాడు, మేం అచ్చంపేటకు వచ్చేశాం. చిన్నాయన రొమ్ము దుమ్ము ఆయన్ను దవాఖానల చుట్టూ తిప్పి తిప్పి తీసుకుపోయింది. ఆయనకు గోతి తవ్వినవాళ్ళలో ఒకడు ఆ సినిమా మాట ఎత్తాడు. అప్పుడూ నేను ఊరుకున్నాను.

పిల్ల ఇంకా నా మొహమే చూస్తోంది. అరుగు మీద పల్లీల చప్పుడు ఆగిపోయింది. నేను ఫోను తీసుకుని, మొక్కే దగ్గర ఆపి, వేలు పెట్టి చూపించాను. "గది మీ తాత గాదు బిడ్డా. చంక కింద చూడు, కుట్టు ఇప్పి ఉన్నది. ఇప్పింది నేను. తొడుక్కున్నది మీ మామ." పిల్ల తల తిప్పి గడప వైపు చూసింది. ఆయన లోపలికి రాలేదు, కాదనీ అనలేదు. కాసేపటికి పల్లీ ఒకటి చిట్లింది, తర్వాత ఇంకొకటి. ఈ నాలుగు మాటలకు నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. వినాల్సిన మనిషి మూడేళ్ళ కిందటే మట్టిలోకి వెళ్ళాడు, ఎన్నిసార్లు పిలిచినా ఇక లేచిరాడు.